పాత అలారంను స్మార్ట్ హబ్‌కు కలుపుదాం, సైరన్ జోలికి పోకుండా

నమస్తే. హన్మకొండ, కాజీపేట, వరంగల్ వైపు చాలా ఇళ్లలో ఎప్పుడో వైర్లతో బిగించిన అలారం ఉంది. దర్వాజకు మ్యాగ్నెట్ సెన్సార్, హాల్లో మోషన్ సెన్సార్, బయట గోడకు సైరన్. దాన్ని పీకేసి కొత్తది కొనక్కర్లేదు. అది మోగగానే మీ ఫోన్‌కు కబురు రావాలి, వరండా లైట్లు వెలగాలి. ఈరోజు అంతవరకే చేద్దాం. హబ్‌గా, అంటే ఇంట్లోని స్మార్ట్ పరికరాలను ఒకచోట నడిపేందుకు, హోమ్ అసిస్టెంట్ అనే సాఫ్ట్‌వేర్, మధ్యలో ఈఎస్‌పీ32 అనే చిన్న వైఫై బోర్డు వాడుతున్నాను.

ముందే ఒక మాట. ఇంటికి కాపలా పాత ప్యానెలే (సెన్సార్లు, సైరన్ వైర్లు వచ్చి చేరే అలారం పెట్టె), హబ్ పక్కన నిలబడి చూస్తుంది. ఇంటికి తాళం వేసి మేడారం జాతరకు పోతే, అంత జనంలో సెల్ సిగ్నల్ దొరకడమే కష్టం. మీకు మెసేజ్ అందకపోయినా ఇక్కడ సైరన్ మోగాలి, పక్కింటివాళ్లు బయటికి రావాలి. అందుకే ఇంటర్నెట్ పోతే ఆగిపోయే పద్ధతి నేను చూపించను.

ప్యానెల్ మూత తీసేముందు అలారం బిగించినతనికి ఒక ఫోన్ చేయండి. వారంటీ ఉందా, మూత తీస్తే మోగే ట్యాంపర్ స్విచ్ ఉందా అడగండి. తర్వాత ప్యానెల్‌కు కరెంటు ఇచ్చే ఎంసీబీ స్విచ్ దించండి. అయినా కరెంటు ఉంటుంది, ఎందుకంటే లోపల 12 వోల్టుల బ్యాటరీ ఉంది. దాని ఒక వైరు కూడా తీసి టేపు చుట్టండి. ఏదీ కదిలించకముందే వైర్లన్నీ కనిపించేలా ఫోటో తీసుకోండి.

ఇప్పుడు ఇక్కడ చూడండి. వరసగా జోన్ అని రాసిన టెర్మినళ్లు. సెన్సార్ల వైర్లు వచ్చేది వీటికే. చాలామంది ఇక్కడి నుంచే ఇంకో వైరు లాగి బోర్డుకు కలుపుతారు. దయచేసి అలా చేయకండి. జోన్ లైన్ చివర చిన్న రెసిస్టర్ ఉంటుంది. దాని విలువను బట్టే తలుపు మూసి ఉందా, వైరు తెగిందా అని ప్యానెల్ గుర్తుపడుతుంది. మధ్యలో మనం ఇంకోటి తగిలిస్తే ఆ లెక్క తప్పుతుంది. తలుపు తెరిచినా మోగకపోవచ్చు. ఏ తలుపు తెరుచుకుందో విడిగా తెలియాలంటే ఆ తలుపుకు, వైర్లు లేకుండా హబ్‌తో మాట్లాడే జిగ్బీ సెన్సార్ ఇంకోటి పెట్టుకోవడం మేలు.

మనకు కావాల్సింది రిలే అవుట్‌పుట్. రిలే అంటే కరెంటుతో పడే చిన్న స్విచ్. కామన్, ఎన్‌ఓ (నార్మల్లీ ఓపెన్, మామూలుగా కలవకుండా ఉండేది) అని రాసి ఉంటుంది. మల్టీమీటర్ బీప్ మోడ్‌లో పెట్టి రెండు పిన్నులూ ఆనించండి. ఇప్పుడు చప్పుడు లేదు. అలారం మోగినప్పుడే లోపల రిలే టక్కున పడి ఆ రెండూ కలుస్తాయి. వాటి మీద వోల్టేజీ ఉండకూడదు, ఎంసీబీ కాసేపు ఎత్తి అది కూడా కొలిచి చూసి, మళ్లీ దించండి. ఈఎస్‌పీ32 పిన్ను 3.3 వోల్టులదే, 12 వోల్టులు తగిలితే బోర్డు కాలిపోతుంది. మీ ప్యానెల్‌లో రిలే లేకపోతే, సైరన్ అవుట్‌పుట్‌కు ఒక 12 వోల్టుల రిలే పెట్టాలి. దాని కాయిల్‌కు అడ్డంగా డయోడ్ తప్పనిసరి. ఆ పని ఎలక్ట్రీషియన్‌తో చేయించండి.

కామన్ వైరు బోర్డు గ్రౌండ్‌కు, ఎన్‌ఓ వైరు 27వ పిన్నుకు. 34 నుంచి 39 వరకు ఉన్న పిన్నులు వాడకండి, వాటిలో లోపలి పుల్‌అప్ (వైరు కలవనప్పుడు పిన్నును 3.3 వోల్టుల దగ్గర నిలిపే రెసిస్టర్) లేదు. బోర్డుకు ప్రోగ్రామ్ ఎక్కించే ఈఎస్‌పీహోమ్‌లో బైనరీ సెన్సార్ అని పెట్టి, ప్లాట్‌ఫామ్ జీపీఐఓ, పుల్‌అప్ ట్రూ, ఇన్వర్టెడ్ ట్రూ ఇవ్వండి. డిలేడ్ ఆన్ 200 మిల్లీసెకన్లు పెడితే, పక్కన మోటార్ ఆన్ అయినప్పుడల్లా వచ్చే దొంగ సిగ్నల్ చాలావరకు ఆగిపోతుంది. తర్వాత హోమ్ అసిస్టెంట్‌లో ఆటోమేషన్: ఈ సెన్సార్ ఆన్ అయితే లైట్లు వేయి, ఫోన్‌కు నోటిఫికేషన్ పంపు. యాప్ నుంచి అలారం ఆపే బటన్ మాత్రం నేను పెట్టను. ఫోన్ ఎవరి చేతిలో పడినా ఇల్లు తెరిచి ఇచ్చినట్టే.

ఎండాకాలం కరెంటు పోతే ఏమిటి అంటారా? ప్యానెల్‌కు బ్యాటరీ ఉంది. బోర్డుకు, హబ్‌కు, వైఫై రూటర్‌కు కూడా ఇన్వర్టర్ లైన్ ఇవ్వండి. మూడింటిలో ఒక్కటి ఆరిపోయినా మెసేజ్ రాదు.

ఇక టెస్ట్. బ్యాటరీ వైరు తిరిగి పెట్టి, ఎంసీబీ ఎత్తండి. పక్కింటివాళ్లకు చెప్పి అలారం ఆన్ చేసి, దర్వాజ తీయండి. సైరన్ వచ్చింది, లైట్లు వెలిగాయి, ఫోన్ మోగింది. బాగుంది. ఇప్పుడు రూటర్, హబ్ రెండూ ఆపేసి మళ్లీ తీయండి. సైరన్ అంతే గట్టిగా మోగాలి. చివరగా ఎంసీబీ దించి, బ్యాటరీ మీదే ఇంకోసారి. బ్యాటరీ మీద సైరన్ గొంతు తగ్గిందంటే బ్యాటరీ పాతబడి ఉండొచ్చు, ముందు దాన్ని మార్చి మళ్లీ టెస్ట్ చేసుకోండి.