ఒక తోట, ఎందరో తోటమాలులు: ‘హోర్టస్ డెలిసియారుమ్’ చేతులు మారిన కథ

సభకు నమస్కారం.

ఇవాళ నేను మాట్లాడబోయే పుస్తకాన్ని మనలో ఎవరూ చూడలేరు. అది 1870 ఆగస్టు 24 రాత్రి స్ట్రాస్‌బుర్గ్ నగరంలో కాలిపోయింది. అయినా పన్నెండో శతాబ్దపు లాటిన్ విజ్ఞాన సర్వస్వాల గురించి ఎవరు రాసినా దాన్ని తలవక తప్పదు. దాని పేరు ‘హోర్టస్ డెలిసియారుమ్’, అంటే ఆనందాల తోట. ఇది ఎవరెవరి సొత్తుగా ఉంటూ వచ్చిందో, లేని పుస్తకం గురించి మనకు ఇంత తెలియడం ఎలా సాధ్యమైందో చెప్పాలన్నదే నా ఉద్దేశం.

నేటి తూర్పు ఫ్రాన్స్‌లోని ఆల్సేస్ ప్రాంతంలో, వోజ్ పర్వతాల అంచున, సెయింట్ ఓడిల్ కొండ మీద హోహెన్‌బుర్గ్ అనే స్త్రీల మఠం ఉండేది. శిథిలావస్థకు చేరిన ఆ మఠాన్ని చక్రవర్తి ఫ్రెడరిక్ బార్బరోసా ప్రాపకంతో రెలిండ్ అనే అధ్యక్షురాలు నిలబెట్టింది. ఆమె తరువాత పీఠమెక్కిన హెర్రాడ్ ఈ గ్రంథాన్ని సంకలనం చేయించింది. పని 1170ల నాటికే సాగుతున్నదని, 1185 ప్రాంతంలో ప్రధాన భాగం పూర్తయి, 1195లో హెర్రాడ్ కాలం ముగిసేదాకా చేర్పులు జరుగుతూనే ఉన్నాయని పండితులు తేల్చారు. మూడు వందలకు పైగా చిత్రాలతో, పెద్ద పెద్ద చర్మపత్రాల మీద, సృష్టి మొదలుకొని అంత్య తీర్పు దాకా లోకచరిత్ర క్రమంలో సాగే పుస్తకం అది. బీడ్, ఇసిడోర్, ఒటూన్‌కు చెందిన హొనోరియస్, పీటర్ లాంబార్డ్, పీటర్ కొమెస్టర్ వంటి క్రైస్తవ పండితుల రచనల నుంచి భాగాలు తీసి, పాటలూ పద్యాలూ జోడించి, కొన్నింటికి స్వరలిపి కూడా ఇచ్చారు. లాటిన్ పదాలకు జర్మన్ అర్థాలు వెయ్యికి పైగా రాసి ఉంచారంటే, చదివేవారి అవసరాన్ని వారు ఎంతగా మనసులో పెట్టుకున్నారో తెలుస్తుంది. తాను దేవుని ప్రేరణతో పూలపూల నుంచి మధువు తెచ్చే తేనెటీగలా ఈ సంకలనం చేశానని హెర్రాడ్ స్వయంగా పీఠికలో చెప్పుకుంది.

ఈ గ్రంథం రాజుకు కానుకగానో, బిషప్ మెప్పు కోసమో పుట్టలేదని ప్రత్యేకంగా చెప్పాలి. హెర్రాడ్ పద్యం ‘హోహెన్‌బుర్గ్ కన్యల సమూహమా, నీకు వందనం’ అని మొదలవుతుంది. చివరి పుటల్లోని చిత్రాల్లో ఒకదానిలో మఠ స్థాపకుడు ఎటికో ప్రభువు తన కుమార్తె ఓడిల్‌కు తాళంచెవి అందిస్తుంటాడు. దానికెదురుగా ఒక వైపు రెలిండ్, మరొక వైపు హెర్రాడ్ నిలబడగా, వారి నడుమ వరుసలుగా అరవై మంది ముఖాలు, ప్రతి ముఖం పక్కనా పేరు. ఒక మఠంలోని స్త్రీలంతా తమ పేర్లతో సహా తమ పుస్తకంలోనే కూర్చున్నారన్నమాట. ఆ పుస్తకం ఎవరిదన్న ప్రశ్నకు జవాబు ఆ పుటల్లోనే ఉంది. వారి తరువాతి తరాలు దాన్ని మూడున్నర శతాబ్దాలకు పైగా ఆ కొండ మీదే కాపాడుకున్నాయి.

1546లో మఠం అగ్నిప్రమాదానికి గురైంది. పుస్తకం మాత్రం దక్కింది. సన్యాసినులు చెదిరిపోయారు, మఠ ఆస్తులు స్ట్రాస్‌బుర్గ్ బిషప్ అధీనంలోకి వెళ్లాయి. ఆ విధంగా గ్రంథం కొండ దిగి, బిషప్ నివాసమైన సావెర్న్ చేరింది. తరువాత మోల్స్‌హైమ్‌లోని కార్తూసియన్ సన్యాసుల మఠానికి మారింది. స్త్రీల చదువు కోసం పుట్టిన పుస్తకం పురుషుల మఠంలో ఒక అపురూప వస్తువుగా మిగిలిపోయిన దశ ఇది. ఫ్రెంచ్ విప్లవం వచ్చి 1789లో చర్చి ఆస్తులను జాతిపరం చేసినప్పుడు మోల్స్‌హైమ్ గ్రంథాలు కూడా ప్రభుత్వ స్వాధీనమయ్యాయి. మన పుస్తకం స్ట్రాస్‌బుర్గ్ చేరి, పూర్వం డొమినికన్ సన్యాసులదైన చర్చి కట్టడంలో నడుస్తున్న నగర గ్రంథాలయంలో స్థిరపడింది. పుట్టిన నాటి నుంచి మొదటిసారిగా అది అడిగిన పండితులకు అందుబాటులోకి వచ్చింది. విప్లవం పేరిట జరిగిన స్వాధీనాలలో ఎన్నో గ్రంథాలు ముక్కలైపోయిన మాట నిజమే. ఈ పుస్తకం విషయంలో మాత్రం ఆ మార్పు మేలే చేసింది.

ఎందుకంటే, ఆ తరువాతి ఎనభై ఏళ్లలోనే దాని ప్రతిరూపాలు తయారయ్యాయి. 1818లో క్రిస్టియాన్ మోరిట్జ్ ఎంగెల్‌హార్ట్ ఈ గ్రంథం మీద ఒక పరిశీలన ప్రచురించి, దానితో పాటు పన్నెండు చిత్ర ఫలకాలు ఇచ్చాడు. అతడి దృష్టి వేదాంతం కంటే ఆనాటి జనజీవితం మీద ఎక్కువ: దుస్తులు, ఆయుధాలు, నాగళ్లు, బండ్లు, నీటితో తిరిగే మర, బల్లమీద తాళ్లతో ఆడించే యోధుల బొమ్మలు. ఆ ఆసక్తే పుస్తకానికి వరమైంది. భక్తి గ్రంథంగా మాత్రమే చూసినవారు నకలు చేయని వివరాలను అతడు శ్రద్ధగా నకలు చేశాడు. ఆ తరువాత కౌంట్ ఒగ్యుస్త్ ద బాస్తార్ అనే కళాచరిత్రకారుడు, తాను తలపెట్టిన భారీ చిత్రసంకలనం కోసం, గ్రంథాన్ని పారిస్‌కు తెప్పించుకొని చిత్రాలకు నకళ్లు తీయించాడు. అవి నేటికీ ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయంలో ఉన్నాయి.

ఇక ఆ రాత్రి సంగతి. ఫ్రాన్స్-ప్రష్యా యుద్ధంలో జనరల్ ఫాన్ వెర్డర్ నాయకత్వాన జర్మన్ సేనలు స్ట్రాస్‌బుర్గ్‌ను ముట్టడించి, నగరం మీద గుండ్ల వర్షం కురిపించాయి. గ్రంథాలయం వేల రాతప్రతులతో సహా బూడిదైంది. అచ్చుయంత్రానికి ఆద్యుడైన గూటెన్‌బర్గ్ స్ట్రాస్‌బుర్గ్‌లో ఉన్నప్పటి 1439 నాటి వ్యాజ్యపు పత్రాలు కూడా అందులో పోయాయి. ఆ ఏడాది అక్టోబరులోనే జర్మన్ గ్రంథపాలకుడు కార్ల్ ఆగస్ట్ బారాక్ పిలుపునిస్తే అనేక దేశాల నుంచి పుస్తకాలు వచ్చిపడ్డాయి. మరుసటి ఏడాది సంధితో ఆల్సేస్ జర్మనీ వశమైంది. నేటి జాతీయ, విశ్వవిద్యాలయ గ్రంథాలయం అలా పుట్టింది. ముద్రిత పుస్తకాలకు మారు దొరుకుతుంది. హెర్రాడ్ గ్రంథం మాత్రం లోకంలో ఒక్కటే ప్రతి. అగ్గి అంటుకున్నాక దానికి మారు ఏ దాతా పంపలేడు.

మిగిలినదల్లా నకళ్లే. 1879 నుంచి 1899 దాకా స్ట్రాబ్, కెల్లర్ అనే ఇద్దరు చర్చి పండితులు ఆల్సేస్‌లోని స్మారక సంరక్షణ సంఘం ఆధ్వర్యంలో దొరికిన ప్రతి చిత్రాన్నీ సేకరించి ప్రచురించారు. 1979లో లండన్‌లోని వార్బర్గ్ ఇన్‌స్టిట్యూట్ రోజలీ గ్రీన్, ఆమె సహచరుల కృషిగా రెండు సంపుటాలు వెలువరించింది: ఒకటి పునర్నిర్మాణం, మరొకటి వ్యాఖ్యానం. స్వర్గానికి ఎక్కే నిచ్చెన మీద నుంచి ఒక్కొక్కరే తమ ఆశల వైపు తిరిగి పడిపోయే చిత్రం చూడండి. ఏకాంతవాసి అయిన తపస్వి కూడా పడిపోతాడు. అతడిని లాగింది తాను పెంచుకున్న తోటే. పైకి చేరేది ప్రేమ ఒక్కటే. ఇంత సూక్ష్మమైన ఊహ మనకు చేరింది కేవలం పందొమ్మిదో శతాబ్దపు కొన్ని కలాల వల్ల.

అందుకే యజమానుల వంశవృక్షంలో హోహెన్‌బుర్గ్ మఠం, బిషప్, కార్తూసియన్లు, నగరం వీరి సరసనే ఎంగెల్‌హార్ట్‌ను, బాస్తార్‌ను కూడా రాయాలని నా అభిప్రాయం. చట్టం ప్రకారం వారికి ఆ పుస్తకం మీద ఏ హక్కూ లేదు. అయినా ఈరోజు మన చేతికి చిక్కే గీతల్లో చాలావరకు వారి నకలు తీసిన చేతుల నుంచో, వారు నియమించిన చిత్రకారుల చేతుల నుంచో వచ్చినవే. అసలు రంగులు, బంగారపు మెరుపు, లేఖకుల చేతివ్రాత ఈ నకళ్లలో పూర్తిగా లేవు. నకళ్లలో చాలావరకు రేఖాచిత్రాలే కావడంతో, ఒక్కో చిత్రాన్ని ఏ నకలును బట్టి తిరిగి కట్టామో వార్బర్గ్ సంపాదకులు పుట పుటకూ విడివిడిగా పరిశీలించవలసి వచ్చింది.