గాలాల బల్లకు తలుపులెందుకు బావా?

నమస్తే అన్నలూ, అక్కలూ. నా వెనక ఉన్న ఈ బల్ల మీద రంపం పని చేసుకుంటా, కింది అరల్లో చేపలు పట్టే గాలాలు, వలలు పెట్టుకుంటా. దీన్ని చూసిన ప్రతి ఒక్కరూ అడిగేది ఒకటే మాట: "అంతా బాగుంది కానీ, తలుపులు పెట్టలేదేం?" మొన్న మా బావ కూడా అదే అన్నాడు. కాజీపేటలో ఆయన చేయించుకున్న బల్లకు తలుపులున్నాయి, గొళ్లెం ఉంది, లోపల మంచి సన్‌మైకా కూడా ఉంది. వానాకాలంలో ఆ తలుపు తీస్తే మాత్రం ముక్కు మూసుకోవాల్సిందే. ఇక లాభం లేదని ఈ వీడియో తీస్తున్నా.

ఇంట్లో పోపు డబ్బా చూశారు కదా. తడి చెంచా పసుపులో పెడితే ఏమవుతుంది? ఉండ కడుతుంది. మూత గట్టిగా పెడితే ఆ తేమ పక్కనున్న జీలకర్రకూ పాకుతుంది. గాలాల డబ్బా కూడా అంతే. చెరువు నుంచి రాగానే తడి గాలం ఒక్కటి అందులో పడేసి మూత పెట్టామా, అయిపోయింది. పగలు రేకుల షెడ్డు కాగుతుంది, గాలం మీది తడి ఆవిరవుతుంది. రాత్రి చల్లబడితే అదే ఆవిరి మిగతా గాలాల మీద చెమటలా పడుతుంది.

(చేతిలోని గాలానికి కెమెరా దగ్గరగా)

ఇది నా నిర్వాకమే, పోయిన ఏడాదిది. మొన పదునుగానే ఉంది, చూడండి. కానీ దారం కట్టే కన్ను దగ్గర గోరుతో గీకితే గోధుమ రంగు పొడి రాలుతోంది. ఆ గరుకు దారాన్ని కోసేస్తుంది. మంచి బొచ్చె పడి, ఒడ్డు దాకా వచ్చి, పుటుక్కున తెంపుకుపోయింది. నేను దారం అమ్మిన షాపాయనను తిట్టుకున్నా, పాపం!

అందుకే తలుపులు వద్దు, కింది అరకు నిండు పలకా వద్దు. అంగుళం సందు వదిలి పట్టీలు కొట్టండి. పక్కలకు పావు అంగుళం ఇనుప జాలి బిగించండి. అంతకంటే పెద్ద కన్నమైతే చిట్టెలుక దూరుతుంది, చేప వాసనకు వల కొరికేస్తుంది. నీళ్లలో బతికే కొర్రమట్ట కూడా గాలి కోసం పైకి వచ్చి నోరు తెరుస్తుంది. మన సామానుకు గాలి వద్దంటే ఎలా?

ఇక పై పలక. ఎనిమిది బై నాలుగు ప్లైవుడ్ ఒకటి, 18 ఎంఎంది కొనండి. అందులో ఐదు బై నాలుగు ముక్క కోసి, దాన్ని నిలువునా రెండు చేసి, ఒకదాని మీద ఒకటి జిగురు పెట్టి అంటించండి. 36 ఎంఎం మందంతో ఐదడుగుల బల్ల వస్తుంది, చెక్కను కదలకుండా పట్టే వైస్ బిగించినా వంగదు. మిగిలిన మూడడుగుల ముక్క వెనక గోడకు కొట్టుకోండి, రంపం, సుత్తి, ఉలి దానికి వేలాడతాయి. ప్లైవుడ్ మీద ఎంఆర్ అని రాసి ఉంటే వాటర్‌ప్రూఫ్ అనుకుంటారు చాలామంది. కాదు, తేమను కొంత తట్టుకుంటుందంతే. మన పనికి ఐఎస్ 710 ముద్ర ఉన్నది, అంటే నీళ్లను తట్టుకునే మెరైన్ ప్లైవుడ్ అడగండి.

ఎత్తు ఎంతంటే, నిలబడి చేతులు వదిలేయండి, మణికట్టు ఎక్కడికి వస్తే అంత. నాకు 34 అంగుళాలు. కాళ్లు సామిల్లులో కోయించిన వేపవి. వెనక మూల నుంచి మూలకు ఒక ఏటవాలు పట్టీ తప్పనిసరి, అది లేకపోతే రంపం లాగిన ప్రతిసారీ బల్ల ఊగుతుంది.

మళ్లీ పోపు డబ్బా దగ్గరికి వస్తా. అది పొయ్యి పక్కనే ఎందుకుంటుంది? నూనె కాగాక ఆవాల కోసం వెతకలేం కాబట్టి. అలాగే కత్తెర, పట్టుకారు ముందు అంచునే వేలాడాలి. బెండ్లు, సీసపు గుండ్లు, గాలాలు దేని గిన్నె దానికే. చిన్న గాలాలూ పెద్ద గాలాలూ కలిపితే మెంతులూ ఆవాలూ కలిపినట్టే, ఏరుకుంటూ కూర్చోవాలి.

ఫోన్‌లో చార్జింగ్ అయిపోతోంది, మిగిలింది గబగబా చెప్తా. వలను మేకుకు తగిలించకండి, కన్ను చిరుగుతుంది, గుండ్రటి కర్ర కొయ్య పెట్టండి. నైలాన్‌ను ఎండలో కాదు, నీడలో ఆరేయండి, ఎండకు దారం పెళుసవుతుంది. సీసపు గుండ్లను పళ్లతో నొక్కకండి, సీసం విషం. వెదురు కర్రను గోడకు ఆనించి వదిలేస్తే వంగుతుంది, అడ్డంగా మూడు చోట్ల ఆధారం ఇవ్వండి. బల్ల కాళ్ల కింద షాబాద్ బండ ముక్కలు పెట్టండి, నేల తడి కర్రకు ఎక్కదు.

బావా, చూస్తున్నావు కదా! ఆ తలుపులు విప్పి ఇటు పంపు. నాకు పై అరకు పలకలు తక్కువ పడ్డాయి.