కెల్సెన్ పిరమిడ్: బాణాలు ఎటు గీయాలి?

నమస్కారం. జూరిస్‌ప్రుడెన్స్, అంటే చట్టం అసలు ఏమిటో చర్చించే శాస్త్రం, చదివేవాళ్లలో చాలామందికి ఆస్ట్రియా న్యాయ సిద్ధాంతవేత్త హాన్స్ కెల్సెన్ అంటే ఒక త్రిభుజం. పైన రాజ్యాంగం, మధ్యలో చట్టాలు, అడుగున రూల్స్. గీశాం, మార్కులు పడ్డాయి, పేజీ తిప్పేశాం. ఆ బొమ్మ తప్పని అనను గానీ, అందులో కెల్సెన్ చెప్పిన అసలు సంగతి మాత్రం లేదు. గడులు ఉన్నాయి, బాణాలు లేవు. ఇవాళ బాణాలు గీద్దాం. కాగితం, రెండు రంగుల పెన్నులు తీసుకోండి.

ముందు పిరమిడ్ వద్దు. కాగితం మధ్యలో ఒక నిలువు గీత గీయండి. ఎడమ పక్క 'ఉన్నది' అని, కుడి పక్క 'ఉండాలి' అని రాయండి. 'జనం పన్ను కడుతున్నారు' అనేది ఎడమకు వెళ్తుంది, 'పన్ను కట్టాలి' అనేది కుడికి. ఎడమ నుంచి కుడికి ఒక బాణం గీసి, దాని మీద ఇంటూ మార్క్ పెట్టండి. అందరూ కడుతున్నారు కాబట్టి కట్టాల్సిందే అనడానికి వీల్లేదు. 18వ శతాబ్దంలో తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ ఎత్తి చూపిన దూరం ఇదే. కెల్సెన్ దాన్ని ఎక్కడా వదల్లేదు. ఒక నియమం చెల్లుతుందంటే, దానికి ఆధారం ఇంకో నియమమే అయ్యుండాలి. జరిగే విషయం ఏదీ ఆ ఆధారం కాలేదు.

ఇప్పుడు కుడి పక్క రెండు గడులు వేయండి. ఒకదాంట్లో గ్యాంగ్‌స్టర్, ఇంకోదాంట్లో పన్ను అధికారి. ఇద్దరూ చెప్పేది ఒకటే: 'డబ్బు కట్టు, లేకపోతే నీకే నష్టం.' ఇది కెల్సెన్ తానే ఇచ్చిన ఉదాహరణ. మాట ఒకటే, బెదిరింపూ ఒకటే. మరి తేడా ఎక్కడ? అధికారి గడి మీదికి పై నుంచి ఒక బాణం దిగుతుంది, అది పన్ను చట్టం ఇచ్చిన అధికారం. గ్యాంగ్‌స్టర్ గడి పైన ఖాళీ. అంతే తేడా. అధికారి మంచివాడా, పన్ను న్యాయమైనదా అన్న ప్రశ్నలు ఈ బొమ్మలోకి రావు. అవి పనికిరాని ప్రశ్నలని కాదు, వాటికి వేరే బొమ్మ కావాలని.

కాబట్టి బాణం పక్కన 'అధికారం ఇస్తుంది' అని రాసుకోండి. దయచేసి 'ముఖ్యమైనది' అని రాయకండి. ఇక నీలం పెన్నుతో మెట్లు గీద్దాం: రాజ్యాంగం నుంచి చట్టానికి, చట్టం నుంచి రూల్‌కి, అక్కడి నుంచి కోర్టు తీర్పుకి. తీర్పు కూడానా అంటే, అవును, తీర్పు కూడా నియమమే. 'ఫలానా వ్యక్తి ఫలానా మొత్తం చెల్లించాలి' అనేది ఒక్క మనిషికి వర్తించే నియమం. ఇద్దరు రాసుకున్న ఒప్పందం కూడా ఈ మెట్ల మీదే ఉంటుంది. ఈ మెట్ల ఆలోచనకు రూపం ఇచ్చింది కెల్సెన్ శిష్యుడు అడాల్ఫ్ మెర్కెల్. ఆయన పేరు పుస్తకాల్లో తరచూ జారిపోతుంది.

ఇక్కడ కాసేపు ఆగుదాం. చట్టం గడిని కాస్త పెద్దది చేయండి, ఫొటో ఫ్రేములాగా. చట్టం 'మూడేళ్ల వరకు జైలు' అంది అనుకుందాం. జడ్జి ఆరు నెలలు వేస్తే ఫ్రేము లోపల ఒక చుక్క. రెండేళ్లు వేస్తే ఇంకో చుక్క. రెండూ లోపలే ఉన్నాయి కాబట్టి, ఏది సరైన చుక్క అని చట్టాన్ని అడిగితే జవాబు రాదు. ఎంచుకోవాల్సింది జడ్జే. అంటే ఆయన చట్టాన్ని అమలు చేస్తూనే కొత్త నియమాన్ని పుట్టిస్తున్నాడు. మధ్య మెట్లన్నీ ఇలా రెండు పనులూ చేస్తాయి.

మరి జడ్జి ఐదేళ్లు వేస్తే? చుక్క ఫ్రేము బయట పడింది. అది దానంతటదే చెల్లకుండా పోతుందని చాలామంది అనుకుంటారు. కెల్సెన్ అలా అనడు. అధికారం ఉన్న సంస్థ రద్దు చేసేదాకా అది చెల్లుతూనే ఉంటుంది. అప్పీలు గడువు దాటిపోయి, అడిగే దారులన్నీ మూసుకుపోతే ఆ ఐదేళ్లే ఖాయం. నాకైతే ఈ సిద్ధాంతం మొత్తంలో మింగుడుపడనిదీ, నిజానికి బాగా దగ్గరగా ఉన్నదీ ఈ ముక్కే. కెల్సెన్ రూపకల్పనలో పాలుపంచుకున్న 1920 ఆస్ట్రియా రాజ్యాంగంలో, చట్టాలను రద్దు చేసే పనిని ప్రత్యేకంగా రాజ్యాంగ న్యాయస్థానానికి ఎందుకు అప్పగించారో ఇక్కడ అర్థమవుతుంది.

ఎర్ర పెన్ను తీయండి. ఇది 'ఎవరు ఎవరిని రద్దు చేయగలరు' అనే బాణం. నీలం, ఎరుపు ఎప్పుడూ ఒకే దారిలో వెళ్లవు. చట్టాలు ఎలా చేయాలో చెప్పే ఒక మామూలు చట్టం ఉందనుకోండి. నీలం లెక్కలో అది మిగతా చట్టాల కంటే పైన ఉంటుంది. కానీ తర్వాత వచ్చిన ఇంకో మామూలు చట్టం దాన్ని రద్దు చేయగలదు, కాబట్టి ఎరుపు లెక్కలో రెండూ ఒకే మెట్టు. ఈ రెండు వరసలను విడదీసి చూపింది కూడా మెర్కెలే.

ఇక పైకి వెళ్దాం. రాజ్యాంగానికి అధికారం ఎక్కడిది? అంతకు ముందరి రాజ్యాంగం నుంచి. దానికి? అలా పోతే మొట్టమొదటి రాజ్యాంగం దగ్గర తేలుతాం. దాని పైన చుక్కల గీతతో ఒక గడి వేయండి. అదే గ్రండ్‌నార్మ్, అంటే మూల నియమం. దాన్ని ఎవరూ రాయలేదు, ఏ సభా ఆమోదించలేదు. 'ఆ మొదటి రాజ్యాంగం చెప్పినట్టు నడుచుకోవాలి' అని మనం ముందుగా అనుకోకపోతే కింది బాణాలేవీ నిలబడవు, అంతే. ఆ గడిలో 'రాజ్యాంగం' అని రాస్తే మార్కులు పోయినట్టే. చివరి రోజుల్లో కెల్సెన్ దీన్ని ఒక కల్పన అని కూడా అన్నాడు.

ఇంకొక్క గీత మిగిలింది. ఎడమ పక్క 'జనం మొత్తమ్మీద పాటిస్తున్నారు' అని రాసి, అక్కడి నుంచి పిరమిడ్‌కి సన్నటి చుక్కల గీత కలపండి. పక్కన 'షరతు మాత్రమే' అని రాయండి. ఎవరూ పాటించని వ్యవస్థ చెల్లదు. అలాగని పాటిస్తున్నారు కాబట్టే చెల్లుతుంది అనడమూ కుదరదు.

ఈ సన్నటి గీతను లావు బాణంగా మార్చేస్తే ఏమవుతుందో 1958లో పాకిస్తాన్ సుప్రీంకోర్టు దోసో కేసులో కనిపిస్తుంది. అక్టోబర్ 7న అధ్యక్షుడు ఇస్కందర్ మీర్జా సైనిక పాలన విధించి రాజ్యాంగాన్ని రద్దు చేశాడు. 27న చీఫ్ జస్టిస్ మునీర్ నాయకత్వంలోని కోర్టు, విజయవంతమైన విప్లవం తానే చట్టాన్ని పుట్టిస్తుందని కెల్సెన్‌ను ఆధారంగా చూపించి తీర్పిచ్చింది. అదే రోజు రాత్రి సైన్యాధిపతి అయూబ్ ఖాన్ మీర్జాను గద్దె దింపేశాడు. 1972లో ఆస్మా జిలానీ కేసులో అదే సుప్రీంకోర్టు దోసో తీర్పును తోసిపుచ్చింది, మునీర్ కెల్సెన్‌ను తప్పుగా అర్థం చేసుకున్నాడని కూడా చెప్పింది.

వీడియో ఇక్కడ ఆపి, ఆ రెండు తీర్పులకూ చెరో బొమ్మ గీయండి. 1958 బొమ్మలో ఇంటూ మార్క్ ఎక్కడ చెరిగిపోయిందో చూసి కామెంట్‌లో రాయండి.