సీప్యాప్ మాస్కు పెట్టుకోవాలంటే భయమెందుకు?

[తెరపై: మంచం పక్కన సీప్యాప్ మిషను, గొట్టం, మాస్కు]

నమస్కారం. గురక ఎక్కువైందని స్లీప్ టెస్టు చేయిస్తే కొందరికి అప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బు, అని తేలుతుంది. డాక్టరు సీప్యాప్ రాస్తారు, అంటే మాస్కు ద్వారా గాలి పంపే మిషను. నాలుగు రాత్రులు వాడి అటకెక్కించేస్తారు కొందరు. "మొండిమనిషి, చెబితే వినడు" అంటారు ఇంట్లోవాళ్లు. అలా అనేముందు ఆయనకు భయమేస్తోందేమో అడిగారా?

నిద్రలో గొంతు కండరాలు వదులై గాలిదారి మూసుకుపోతుంది. కనీసం 10 సెకన్లు ఊపిరి ఆగుతుంది. మెదడు ఉలిక్కిపడి లేపుతుంది. జబ్బు ముదిరితే గంటకు 30 సార్లు, అంతకు మించి కూడా. తెల్లారాక ఇదేదీ గుర్తుండదు గానీ ఒళ్లు రాత్రంతా ప్రమాదంలో ఉన్నట్టే కొట్టుకులాడుతుంది. పగలు చిరాకు, కంగారు, చిన్నమాటకే కోపం. అదంతా ఆయన స్వభావమనే అనుకుంటాం.

[తెరపై: గొంతు బొమ్మ, గాలి ఒత్తిడికి దారి తెరుచుకోవడం]

సీప్యాప్ గాలి ఒత్తిడితో ఆ దారి మూసుకుపోకుండా ఆపుతుంది. ఆస్ట్రేలియా డాక్టర్ కోలిన్ సలివాన్ బృందం 1981లో వెల్లడించిన పద్ధతి ఇది. బాగా పనిచేస్తుంది. కానీ ఊపిరాడక లేచే మనిషికి ముఖం మీద మాస్కు బిగిస్తే గుండె దడదడలాడదా?

'టైప్ డి' అనే స్వభావం ఒకటుంది: ఎప్పుడూ దిగులు, ఆదుర్దా, పైగా అవి ఎవరికీ చెప్పుకోలేకపోవడం. 2007లో స్వీడన్ పరిశోధకులు చూస్తే, అలాంటివాళ్లకు మిషనుతో ఇబ్బందులు ఎక్కువ, వాడకం తక్కువ. ఆ చెప్పుకోలేకపోవడమే నన్ను ఎక్కువ బాధపెడుతుంది. మాస్కు ఒరుసుకుంటోందనో, భయమేస్తోందనో నోరు తెరిచి అంటే చాలావాటికి దారి ఉంది. ముక్కు దగ్గర మాత్రమే ఆనే చిన్న మాస్కులున్నాయి. ఒత్తిడి మెల్లగా పెరిగే ర్యాంప్ సెట్టింగు ఉంది.

పగలు టీవీ చూస్తూ, మిషను నడుస్తుండగా మాస్కును చేత్తో ముఖానికి ఆనించుకోండి. బెదురు తగ్గాక పట్టీలు పెట్టుకోండి. తర్వాత ఓ కునుకు. రాత్రికి తొందరపడొద్దు, మరీ రోజులు సాగదీయనూ వద్దు.

మిషను రోజూ వాడుతున్నా ఆందోళన పోలేదా? కొందరికి పోదు. దానికి విడిగా వైద్యం కావాలి, సైకియాట్రిస్టును కలవండి. అప్నియా ఉందని ముందే చెప్పండి. ఆందోళనకు వాడే అల్ప్రజోలం లాంటి మాత్రలు ఊపిరి ఆగడాన్ని పెంచవచ్చు. మెడికల్ షాపులో అడిగి సొంతంగా కొనుక్కోకండి. ఇప్పటికే వాడుతుంటే ఉన్నట్టుండి మానేయకుండా, రాసిన డాక్టరుతో మాట్లాడండి.