కరాచీ నుంచి జుహూ దాకా: జేఆర్డీ టాటా స్మృతిలో

వ్యాఖ్యాత: శ్రోతలందరికీ నమస్కారం. 1904 జూలై 29న పారిస్‌లో పుట్టి, 1993 నవంబరు 29న జెనీవాలో కన్నుమూసిన పారిశ్రామికవేత్త జహంగీర్ రతన్‌జీ దాదాభాయ్ టాటాను, అంటే జేఆర్డీని, ఈ భాగంలో స్మరించుకుంటున్నాం. ఆయన గురించి మాట్లాడటానికి, బడిలో నాకు సాంఘిక శాస్త్రం బోధించిన మాస్టారు వచ్చారు. మాస్టారూ, జేఆర్డీకి విమానాల మీద అంత మక్కువ ఎలా కలిగింది?

అతిథి: ఫ్రాన్సు సముద్రతీరంలో ఆర్దెలో అనే ఊళ్ళో వాళ్ళకు ఇల్లుండేదమ్మా. 1909లో ఇంగ్లిష్ ఛానల్‌ను విమానంలో దాటిన లూయీ బ్లేరియోకూ అక్కడే ఇల్లుండటం వల్ల, ఆ ఇసుకలో దిగే విమానాలను చూస్తూ పెరిగిన పిల్లవాడు పదిహేనో ఏట తొలిసారి విమానం ఎక్కాడు. 1929 ఫిబ్రవరి 10న భారతదేశంలో జారీ అయిన మొట్టమొదటి పైలట్ లైసెన్సు ఆయనదే. అయితే ఈ రెంటికీ నడుమ ఆ ఇంట్లో జరిగినది చెప్పకుండా ముందుకు సాగడం నాకు ఇష్టం లేదు.

వ్యాఖ్యాత: చెప్పండి మాస్టారూ.

అతిథి: తల్లి సూనీ 1923లో మరణించారు. 1926లో తండ్రి ఆర్.డి. టాటా పారిస్‌లో పోయేనాటికి జేఆర్డీ జంషెడ్‌పూర్‌లో పని నేర్చుకుంటున్నారు. ఇరవై రెండేళ్ళు నిండీ నిండకముందే ఒక అక్క, ఒక చెల్లెలు, ఇద్దరు తమ్ముళ్ళు ఉన్న ఇంటికి ఆయనే పెద్దదిక్కయ్యారు. తండ్రి అప్పులు తీర్చడానికి ఇళ్ళు అమ్మవలసి వచ్చింది. సాహసి అనగానే మనకు ఆకాశంలోని విమానమే కళ్ళకు కడుతుంది గాని, నా మటుకు నాకు ఆయన మొదటి సాహసం ఆ బరువును తలకెత్తుకోవడమే అనిపిస్తుంది.

వ్యాఖ్యాత: 1932లో జేఆర్డీ ఉత్తరాలు మోస్తూ నడిపిన తపాలా విమానం సంగతి వివరంగా చెప్పండి.

అతిథి: అక్టోబరు 15 ఉదయం కరాచీలోని డ్రిగ్ రోడ్ నుంచి, ఉత్తరాల సంచులను వేసుకుని, ఒంటి ఇంజిను పస్ మాత్ విమానాన్ని ఒక్కరే నడుపుకుంటూ బయలుదేరారు. అహ్మదాబాదులో దిగితే పెట్రోలు డబ్బాలు ఎడ్లబండి మీద వచ్చాయి! మధ్యాహ్నానికి బొంబాయిలోని జుహూ చేరుకోగా, అక్కడి నుంచి ఆయన సహచర పైలట్ నెవిల్ వింట్‌సెంట్ ఆ ఉత్తరాలను బళ్ళారి మీదుగా మద్రాసుకు తీసుకువెళ్ళారు. అప్పట్లో బళ్ళారి మద్రాసు ప్రెసిడెన్సీలోనిదే కదా. తెలుగు వినబడే ఆ ఊరు టాటాల తొలి విమాన తపాలా దారిలో ఉందన్న మాట తలచుకున్నప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తుంది. విమానంలో రేడియో లేదు. జుహూలో దిగే చోటు సముద్రపు ఒడ్డున ఉన్న బురదనేల కావడంతో, వానాకాలంలో అది మునిగిపోతే విమానాలను పుణెకు మార్చుకునేవారు.

వ్యాఖ్యాత: ఇంత ప్రమాదకరమైన పనిలో ఇంట్లోవాళ్ళ భయం మాటేమిటి?

అతిథి: ఆ భయం ఊరికే పుట్టింది కాదమ్మా. చిన్న తమ్ముడు జిమ్మీ కూడా విమానం నడిపేవాడు, 1936లో విమాన ప్రమాదంలోనే మరణించాడు. ఆ దుఃఖం తరువాత కూడా జేఆర్డీ విమానయానాన్ని వదలలేదు. 1938లో, ముప్ఫై నాలుగేళ్ళకే, టాటా కంపెనీల మాతృసంస్థ టాటా సన్స్‌కు అధ్యక్షులయ్యారు. 1948 జూన్ 8న, ఆ తపాలా విమానాల సంస్థ నుంచే ఎదిగిన ఎయిరిండియా బొంబాయి నుంచి లండన్‌కు తొలి విమానాన్ని నడిపింది. 1953లో ప్రభుత్వం ఆ సంస్థను జాతీయం చేసుకున్నా 1978 దాకా ఆయనే అధ్యక్షులుగా కొనసాగారు. ప్రయాణం చేసిన ప్రతిసారీ తెరల దగ్గర నుంచి టీ రుచి దాకా గమనించిన లోపాలన్నీ రాసి పంపేవారట. విమానాన్ని కూడా ఆయన ఇల్లులాగే చూసుకున్నారు.

వ్యాఖ్యాత: ఆయనకు పిల్లలు లేరు కదా మాస్టారూ. మరి ఆయనను కుటుంబీకుడని ఎలా అనగలం?

అతిథి: నిస్సందేహంగా అనగలం. 1930లో థెల్మాను పెళ్ళాడారు, చివరిదాకా, అంటే దాదాపు అరవై మూడేళ్ళు, ఆ దాంపత్యం నిలిచింది. తోబుట్టువుల బాధ్యత ఆయన మోసిన తీరు ఇందాక చెప్పాను. ఇంకొక సంగతి నాకు అన్నిటికంటే ముఖ్యం. పనికి వెళ్ళడానికి కార్మికుడు ఇల్లు విడిచిన క్షణం నుంచి తిరిగి ఇల్లు చేరేదాకా అతడు డ్యూటీలో ఉన్నట్టే లెక్కించాలని, దారిలో ప్రమాదం జరిగితే కంపెనీయే బాధ్యత వహించాలని 1979లో టాటా స్టీల్ నియమం పెట్టింది. గుమ్మంలో ఎదురుచూసే మనుషులను దృష్టిలో ఉంచుకున్నవాళ్ళే అటువంటి నియమం రాయగలరు.

వ్యాఖ్యాత: వృద్ధాప్యంలోనూ ఆయన విమానం నడిపారని విన్నాను.

అతిథి: అవును. 1982లో, తొలి ప్రయాణానికి యాభై ఏళ్ళు నిండిన సందర్భంగా, డెబ్బై ఎనిమిదేళ్ళ వయసులో, పాతకాలపు లెపర్డ్ మాత్ విమానంలో మళ్ళీ ఒంటరిగా కరాచీ నుంచి బొంబాయికి వచ్చారు. 1992లో భారతరత్న అందుకున్నారు. మరుసటి ఏడాదే పోయారు. ఆయన సమాధి పారిస్‌లోని పేర్ లాషేజ్ శ్మశానవాటికలో, తల్లిదండ్రులు ఉన్న చోటనే ఉందమ్మా.