పాత డస్టర్ డీజిల్ కొంటున్నారా? ముందు బెల్ట్ వయసు అడగండి

నమస్కారం. పాత రెనో డస్టర్ డీజిల్ అమ్మేవారి నోట తరచుగా వినిపించే మాట ఒకటుంది: "బండి నలభై వేలే తిరిగింది సార్, టైమింగ్ బెల్ట్ జోలికి ఇప్పుడే వెళ్లనక్కర్లేదు." ఈ మాట విన్న ప్రతిసారీ నాకు చిరాకే. ఇంజిన్ భాగాలను ఒకే తాళంలో తిప్పే ఈ బెల్ట్‌కు కిలోమీటర్ల గడువుతో పాటు సంవత్సరాల గడువు కూడా ఉంటుంది, రెండింటిలో ఏది ముందు వస్తే అదే లెక్క. బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చిన 2020లోనే డీజిల్ డస్టర్ ఆగిపోయింది కనుక, నేడు దొరికే ఏ బండిలోనైనా కంపెనీ బిగించిన బెల్ట్ ఇంకా ఉందంటే అది ముసలిదే.

2012లో మన దేశంలో విడుదలై, చెన్నై దగ్గరి ఒరగడంలో తయారైన ఈ బండి గ్రౌండ్ క్లియరెన్స్ 205 మిల్లీమీటర్లు. 85 పీఎస్, 110 పీఎస్ (పీఎస్ అంటే ఇంజిన్ శక్తి కొలత) అనే రెండు రకాలకూ ఇంజిన్ 1461 సీసీలదే. 110లో ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే టర్బో వేరు, గేర్లు ఆరు. ఊళ్లో తిరగడానికి 85 చాలునని నా అభిప్రాయం, ఎందుకంటే 110 రకం రెండు వేల ఆర్‌పీఎం దగ్గరపడే వరకు బద్ధకంగానే ఉంటుంది.

ఇక బెల్ట్ సంగతి. కోలాటం ఆడేటప్పుడు ఒకరి కర్ర వచ్చే చోటికే మరొకరి చెయ్యి కూడా వస్తుంది, కానీ తాళం తప్పనంత వరకు వేళ్లకు దెబ్బ తగలదు. ఈ ఇంజిన్‌లో పిస్టన్ పైకి వచ్చే చోటికే వాల్వు కిందికి దిగుతుంది. పిస్టన్లకు తగిలించిన క్రాంక్ రెండు చుట్లు తిరిగేసరికి, వాల్వులను తెరిచే క్యామ్ ఒక్క చుట్టు తిరిగేలా ఆ తాళం వేసేది టైమింగ్ బెల్ట్. అది తెగినా, కొన్ని పళ్లు జారినా పిస్టన్ వెళ్లి వాల్వులను కొడుతుంది, అవి వంగిపోతాయి, ఇంజిన్ పై భాగమైన హెడ్‌ను విప్పక తప్పదు. ఇదే కోలాటంలో వాటర్ పంపు, డీజిల్ పంపు కూడా అదే తాళానికి తిరుగుతాయి కనుక, వాటర్ పంపు బేరింగ్ పట్టేసినా వలయమంతా చెదిరిపోతుంది. అందువల్లనే బెల్ట్‌తో పాటు దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్‌ను, వాటర్ పంపును కూడా మార్చమంటారు. కొందరు ఖర్చు తగ్గుతుందని పాత పంపునే ఉంచేస్తారు. అది లీకైతే మళ్లీ అంతా విప్పవలసిందే కనుక ఇది నాకు బొత్తిగా మింగుడుపడని పొదుపు.

శబ్దం వస్తే చూద్దామనుకోవడం కూడా పొరపాటే, ఎందుకంటే కీచుమనేది సాధారణంగా బయట కనిపించే ఆల్టర్నేటర్ బెల్ట్, టైమింగ్ బెల్ట్ చాలాసార్లు చడీచప్పుడూ లేకుండానే తెగుతుంది. పై కవరు తీయించి బెల్ట్ అంచును టార్చి వెలుగులో చూడండి: దారాలు లేచినా, పళ్ల మొదట్లో సన్నని పగుళ్లున్నా, నూనె మెరుపు కనిపించినా బండిని అక్కడి నుంచి కదపవద్దు. ఏమీ కనిపించకపోయినా, మార్చినట్లు బిల్లు లేకపోతే మార్చలేదనే భావించి, ఆ ఖర్చు తగ్గించి ధర మాట్లాడండి.

సమయం అయిపోవస్తోంది కనుక మిగిలినవి త్వరగా చెబుతాను. క్లచ్ పెడల్ మెత్తబడి కిందికి దిగిపోతుంటే గేర్‌బాక్స్ లోపలి హైడ్రాలిక్ బేరింగ్‌ను అనుమానించండి, గేర్‌బాక్స్ దించినప్పుడు క్లచ్ ప్లేటుతో పాటు దాన్నీ మార్పించండి. గుంటల్లో ముందు వైపు టకటకమంటే సస్పెన్షన్‌లోని లింకు రాడ్లు, బుష్‌లు చూపించండి. పికప్ తగ్గి నల్లపొగ వస్తుంటే టర్బో గొట్టాల్లో చీలికను ముందు వెతకండి. 2014లో వచ్చిన ఆల్ వీల్ డ్రైవ్ (నాలుగు చక్రాలకూ శక్తి అందే) రకానికి వెనుక సస్పెన్షన్ పూర్తిగా వేరు, దాని గురించి మరో వీడియోలో మాట్లాడుతాను.