నీట్ రాకపోతే బయాలజీ వేస్టా? మార్టేరు వరి పరిశోధన కేంద్రం రివ్యూ

నమస్కారమండీ. "అన్నా, బైపీసీ చదివాను, మెడికల్ సీటు వచ్చేలా లేదు, ఇక బయాలజీతో ఏం చేస్తాను?" ఈ సీజన్‌లో నాకు వచ్చే మెసేజ్‌లలో సగం ఇవే. అందుకే ఈసారి ఒక యూనివర్సిటీ బయాలజీ విభాగాన్ని రివ్యూ చేద్దామనుకున్నా. మామూలుగా ఇలాంటి వీడియోల్లో ఏం చూపిస్తారు? బిల్డింగు, ఏసీ ల్యాబు, న్యాక్ గ్రేడు, ఎన్ని పేపర్లు అచ్చయ్యాయో రాసిన ఫ్లెక్సీ. నేను అవేవీ చూపించను. మిమ్మల్ని పొలం గట్టు మీదకి తీసుకెళ్తాను.

పశ్చిమ గోదావరి జిల్లా, పెనుమంట్ర మండలం, మార్టేరు. ఇక్కడి వరి పరిశోధన కేంద్రం 1925లో మొదలైంది. ఇప్పుడు ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద ఉంది. డిగ్రీ క్లాసులు ఇక్కడే అనుకుని పెట్టె సర్దుకుని వచ్చేయకండి. బీఎస్సీ అగ్రికల్చర్ చదవాలంటే బాపట్ల, రాజమహేంద్రవరం లాంటి చోట్ల కాలేజీలున్నాయి. ఇది పరిశోధన జరిగే చోటు. పీజీ, పీహెచ్‌డీ చేసేవాళ్ళు తమ ప్రయోగాల కోసం వస్తుంటారు.

సరే, అసలు విషయానికి వద్దాం. వరి పువ్వు మీరు ఎప్పుడైనా చూశారా? డెల్టాలో పుట్టి పెరిగినవాళ్ళలో కూడా చాలామంది "వరికి పువ్వేంటండీ" అంటారు. కెమెరా బాగా దగ్గరగా పెట్టాను, చూడండి. వెన్ను మీద గింజలా కనిపిస్తోందే, అదే పువ్వు. లోపల పుప్పొడినిచ్చే ఆరు కేసరాలు, ఆ పుప్పొడిని పట్టుకునే కుంచెల్లాంటి రెండు కీలాగ్రాలు. పొద్దున తొమ్మిది, పది దాటాక విచ్చుకుంటుంది, కాసేపటికి మళ్ళీ మూసుకుపోతుంది. విచ్చుకునే వేళకే తన పుప్పొడి తన మీదే పడిపోతుంది. అంటే వరి తనంతట తాను వేరే రకంతో కలవడం చాలా అరుదు. కలపాలంటే మనిషి ముందే వెళ్ళి అడ్డుపడాలి.

ఎలాగంటే, పువ్వులు విచ్చకముందే గింజ పైకొసను కత్తెరతో కత్తిరిస్తారు. లోపలున్న ఆరు పరాగకోశాలనీ, అంటే కేసరాల చివరనున్న పుప్పొడి సంచులనీ, సన్నటి చిమటాతోనో, గాలి లాగే పంపుతోనో తీసేస్తారు. ఆరూ పోవాలి. ఒక్కటి మిగిలినా ఆ గింజ దండగే. తర్వాత వెన్నుకి బటర్ పేపర్ సంచి తొడిగి, రెండు రకాల పేర్లూ తేదీ రాసిన చీటీ కడతారు. తండ్రి రకం వెన్ను పూతకొచ్చినప్పుడు దాన్ని తెచ్చి, సంచి పైభాగం తెరిచి, పుప్పొడి రాలేలా దులుపుతారు. ఒక్కో వెన్నుకి ఇంత తతంగం. ఎండలో, మోకాళ్ళ దాకా బురదలో. ఇంత చేసినా చేతికొచ్చేవి గుప్పెడు గింజలు కూడా ఉండవు.

ఆ గింజలు నాటితే వచ్చే మొదటి తరం మొక్కలన్నీ ఒకేలా ఉంటాయి. రెండో తరంలో అసలు సినిమా మొదలవుతుంది. పొడుగు రకాన్నీ, హరిత విప్లవం తెచ్చిన పొట్టి రకాన్నీ కలిపారనుకోండి. ఆ పొట్టి గుణం రిసెసివ్, అంటే తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా వస్తేనే బయటపడుతుంది. కాబట్టి మడిలో దాదాపు నాలుగో వంతు మొక్కలు పొట్టివి కనిపిస్తాయి. మెండెల్ బఠానీల నిష్పత్తిని మనం మార్కుల కోసం బట్టీ కొట్టాం కదా, ఇక్కడ గట్టు మీద నిలబడి లెక్కపెట్టుకోవచ్చు. టీచింగ్ అంటే నా దృష్టిలో ఇదీ. మన కాలేజీల్లో బయాలజీ ప్రాక్టికల్ అంటే ఇప్పటికీ రికార్డులో బొమ్మ గీసి సంతకం పెట్టించుకోవడమే. దాని మీద విడిగా ఒక వీడియో చేయాలి లెండి.

ఆ తర్వాత ఏటా ఏరుకుంటూ పోవాలి. రకం స్థిరపడాలి, వేరే కేంద్రాల్లో పరీక్షించాలి, మినీకిట్లుగా, అంటే చిన్న విత్తన సంచులుగా ఇచ్చి రైతుల పొలాల్లో వేయించి చూడాలి. ఒక రకం బయటికి రావడానికి సుమారు పదేళ్ళు పడుతుంది. పేపర్ల లెక్కతో డిపార్ట్‌మెంట్లకి ర్యాంకులు ఇచ్చేవాళ్ళకి ఈ పదేళ్ళ పని పెద్దగా కనబడదు. నాకైతే ఇదే అన్నిటికన్నా పెద్ద మార్కు.

ఇక సాధించిందేమిటి? ఎంటీయూ 7029, అంటే స్వర్ణ (ఎంటీయూ అనేది మార్టేరు రకాలకి పెట్టే గుర్తు). వశిష్ఠ, మసూరి రకాలను కలిపి తీశారు, 1982లో విడుదలైంది. నూట యాభై రోజుల దాకా తీసుకునే సార్వా (ఖరీఫ్) పంట. ఎరువు తక్కువైనా దిగుబడి ఇస్తుంది, ఎండాకు తెగులును కొంత తట్టుకుంటుంది. మన జిల్లాల్లోనే కాదు, ఒడిశా, బెంగాల్, ఛత్తీస్‌గఢ్ రైతులకీ ఇది ఇంటింటా తెలిసిన పేరైపోయింది. ఎంటీయూ 1001 విజేత, 1010 కాటన్‌దొర సన్నాలు కూడా ఇక్కడివే. కేరళవాళ్ళు ఉప్పుడు బియ్యానికి కొనే బొండాలు తెలుసు కదా, ఆ ఎంటీయూ 3626 కూడా ఈ మడుల్లోంచి వచ్చిందే.

స్వర్ణ కథ ఇక్కడితో ఆగలేదు. దానికి ముంపంటే పడేది కాదు. నీట మునిగిన వరి మామూలుగా ఏం చేస్తుందంటే, గాలి కోసం ఆకులు పైకి సాగదీస్తుంది. దాచుకున్న పిండిపదార్థమంతా దానికే ఖర్చయిపోయి, నీళ్ళు తీశాక కూలబడుతుంది. ఒడిశా దేశవాళీ వరి నుంచి ఎంపిక చేసిన ఎఫ్ఆర్ 13ఏ అనే రకం మాత్రం సాగకుండా గమ్మునుండి, నీళ్ళు పోయాక తిరిగి చిగురిస్తుంది. దానికి కారణమైన సబ్1ఏ జీన్‌ను 2006లో ప్రకటించారు. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఆ గుణాన్ని మన స్వర్ణలోకి ఎక్కించింది. అలా వచ్చిన స్వర్ణ సబ్1 మన దేశంలో 2009లో విడుదలైంది. దాదాపు రెండు వారాలు మునిగినా తేరుకుంటుంది. జీన్ కనిపెట్టిన ఘనత మార్టేరుది కాదు, అది వేరేవాళ్ళది. కానీ ముంపు గుణం ఎక్కించడానికి ముందుగా స్వర్ణనే ఎంచుకున్నారంటే, రైతు దాన్ని అంతగా నమ్మాడు కాబట్టే.

మరి లోపాలు? ఉన్నాయండి. స్వర్ణకి సుడిదోమంటే భయం, పాము పొడ తెగులూ పడుతుంది. నలభై ఏళ్ళు దాటినా దాన్ని పూర్తిగా మరిపించే సార్వా రకం రాకపోవడం గొప్పా, వెనకబాటా? నాకు రెండోదే ఎక్కువనిపిస్తుంది. అయితే అందులో సైంటిస్టుల తప్పొక్కటే లేదు. కొత్త రకం ఎంత పండినా, మిల్లరు "నూక ఎక్కువొస్తోంది, మాకొద్దు" అంటే మరుసటి ఏడాది సార్వాలో ఆ విత్తనం ఎవరూ అడగరు.

ఇంకోటి. సబ్1 కాపాడేది నాటాక ఎదుగుతున్న పైరుని. 1996 నవంబరు తుపానులా కోతల ముందొచ్చి చేనంతా పడగొట్టేస్తే ఆ జీన్ చేసేదేమీ లేదు. అప్పుడు కావాల్సింది పడిపోని కాండం, తడిసినా వెంటనే మొలకెత్తని గింజ. ఇవి వేరే గుణాలు, వాటి మీద విడిగా పని జరగాలి. 2011లో కోనసీమ రైతులు సార్వాకి క్రాప్ హాలిడే ప్రకటించారు, అంటే ఆ కాలానికి పంటే వేయమన్నారు, గుర్తుందా? వాళ్ళు చెప్పిన కారణాల్లో మురుగు కాలవలు పూడుకుపోవడం, కూలీ రేట్లు, గిట్టుబాటు ధర లేకపోవడం ఉన్నాయి. డ్రైనేజీ పూడిక తీయించే విత్తనం ఏ యూనివర్సిటీ కూడా కనిపెట్టలేదు.

ఒక సరదా సంగతి. ఈ కేంద్రం పెట్టిన 1925లోనే, ఇక్కడికి దగ్గర్లోని భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రచురించారు. ఆయన మెడిసిన్ చదివినా పేరు తెచ్చింది ల్యాబు పనే. ఈ ముక్క మీ నాన్నగారికి కూడా వినిపించండి.

ఈ వ్యవసాయ చదువు ఎవరికి పనికొస్తుందంటే, ఓపిక ఉన్నవాళ్ళకి. ఎండ పడదు, బురద పడదు అనుకునేవాళ్ళు మైక్రోబయాలజీ వైపు చూసుకోండి, అదీ మంచిదే. బీఎస్సీ అగ్రికల్చర్ నాలుగేళ్ళు, దారి ఈఏపీసెట్. చివర్లో పల్లెల్లో రైతులతో కలిసి పనిచేసే సెమిస్టర్ ఉంటుంది. దాన్ని టైంపాస్‌గా తీసుకోకండి, పైన చెప్పిన మిల్లరు సంగతి అక్కడే అర్థమవుతుంది. రైతు కోటా కూడా ఉంది. నోటిఫికేషన్‌లో అడిగిన కాగితాలు ముందే తీసి పెట్టుకోండి. కౌన్సెలింగ్ ముందురోజు ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరగడం మొదలుపెడితే అవ్వదు.